డిమెన్షియా, ఫ్లోరోసిస్, ఒక పంటి నొప్పి: చిక్కు ఎక్కడుంది

మతిమరుపు జబ్బు వచ్చిన తల్లిదండ్రుల పళ్ల గురించి వాట్సాప్‌లో రెండు మాటలు తెగ తిరుగుతుంటాయి. చిగుళ్ల జబ్బు వల్లే అల్జీమర్స్ వస్తుందని ఒకటి. ఫ్లోరైడ్ పేస్టు మెదడుకు చేటు, అందులోనూ నల్లగొండ వాళ్లు దాన్ని అసలు ముట్టొద్దని ఇంకొకటి. వీటిని చదివి కంగారుపడే ఇంట్లోనే అసలు సమస్య మంచం మీద కూర్చుని ఉంటుంది. అవ్వ నోరు తెరవదు. తాత చెయ్యి దగ్గరికి వస్తే కొడతాడు. పట్నం తీసుకుపొమ్మని డాక్టరు చేతులెత్తేస్తాడు.

వాట్సాప్ మాటల్లో నిజమెంతో కింద చూద్దాం. ముందు తెలియాల్సింది ఒకటుంది. డిమెన్షియాలో ఏ పంటి వైద్యం కుదురుతుందో, ఏది కుదరదో పన్ను కన్నా జబ్బు దశే ఎక్కువగా తేలుస్తుంది. ఈ ఏడాది అరగంటలో అయిపోయే పని, మూడేళ్లు ఆగితే ఆపరేషన్ థియేటర్ దాకా పోవచ్చు.

నోటి వైపు నుంచి చూస్తే డిమెన్షియా

డిమెన్షియా అనేది ఒక్క జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, చేసే పనిలో వరుస, ఇవన్నీ రోజువారీ బతుకు సాగనంతగా తగ్గిపోయే స్థితికి ఆ పేరు పెట్టారు. అందుకు కారణమయ్యే జబ్బుల్లో అల్జీమర్స్ పెద్దది. మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది ఆ తర్వాతది. లూయీ బాడీ, ఫ్రాంటోటెంపొరల్ రకాలూ ఉన్నాయి. 2023లో వెలువడిన లాసీ-డ్యాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు.

రకం పేరు పళ్ల డాక్టరుకు ఎందుకంటారా? కుర్చీలో కుదురుగా కూర్చుంటారని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే, లూయీ బాడీ రకం వాళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఏ రకమో చీటీలో ఉంటే ఆ పొరపాటు జరగదు.

మొదటి దశలో మనిషి పళ్లు తోముకోవడం మరిచిపోతారు, లేదా తోమిన ముందు పళ్లనే మళ్లీ మళ్లీ తోముతారు. కుర్చీలో కూర్చోగలరు, ఏ పన్ను నొప్పో చూపగలరు, వైద్యానికి ఒప్పుకోవడమో కాదనడమో వాళ్లే చెప్పగలరు. నడిమి దశలో బ్రష్షును గుర్తుపడతారు గానీ దానితో ఏం చేయాలో వరుస పోతుంది. పేస్టు నాకేస్తారు, బ్రష్షు తిరగేసి పట్టుకుంటారు. ఎవరో తన నోట్లో ఏదో పెడుతున్నారని భయపడి తిరగబడేది ఈ దశలోనే. చివరి దశలో మింగడమే కష్టమవుతుంది. ముద్ద బుగ్గలో ఉండిపోతుంది, బ్రష్షు పెడితే కొరికి పట్టుకుంటారు.

పళ్లు అంత తొందరగా ఎందుకు పాడవుతాయి

తోమకపోవడం ఒక్కటే కారణమైతే లెక్క తేలికగానే ఉండేది. దానికి మందులు తోడవుతాయి. మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకో నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఇవన్నీ లాలాజలాన్ని ఎండగడతాయి. లాలాజలం నోట్లోని ఆమ్లాన్ని కడిగేస్తుంది, పంటికి కాల్షియం తిరిగి అందిస్తుంది. అది తగ్గితే చిగురు కిందికి జారి బయటపడ్డ పంటి వేరు ముందు పుచ్చుతుంది. వేరు మీద ఎనామిల్ అనే గట్టి పైపొర ఉండదు, అందుకే అక్కడి పుప్పి నెలల్లోనే పన్నును అడ్డంగా కోసేస్తుంది. డోనెపిజిల్ ఇందుకు ఎదురు: జొల్లు పెంచుతుంది, గుండె వేగం తగ్గిస్తుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తాయి.

ఆ తర్వాత తిండి. జొన్న రొట్టె, గటక మానేసిన పెద్దమనిషికి ఇంట్లో ఏం పెడతారు? చాయ్‌లో ముంచిన బిస్కెట్, పాలల్లో బ్రెడ్డు, అరటిపండు, తియ్యటి సిరప్పు. రోజుకు ఐదారుసార్లు చాయ్ అంటే ఐదారుసార్లు చక్కెర. బుగ్గలో మిగిలిన బిస్కెట్ ముద్ద గంటల తరబడి పన్నుకు అతుక్కునే ఉంటుంది. చాయ్‌లో చక్కెర మొత్తంగా తీసేయడం కన్నా, తినే వేళలు తగ్గించి తిన్నాక నాలుగు గుక్కల నీళ్లు తాగించడం చాలా ఇళ్లలో కుదిరే పని. మింగడం కష్టమైన వాళ్లకు ఆ నీళ్లు కూడా కూర్చోబెట్టే ఇవ్వాలి.

నొప్పి ఉందని చెప్పలేకపోతే

నడిమి దశ దాటాక పంటి నొప్పి "పన్ను నొస్తుంది" అనే మాటగా బయటికి రాదు. అన్నం ముందు పెడితే ప్లేటు నెట్టేయడం, చల్లటి నీళ్లకు ఉలిక్కిపడటం, ఒకవైపే నమలడం, చెంప పట్టుకోవడం, కట్టుడు పళ్లు పీకి పారేయడం, రాత్రి మేలుకోవడం, స్నానం చేయించేటప్పుడు కొట్టడం, నొప్పి ఈ రూపాల్లో కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. నిద్రమాత్ర పెరుగుతుంది. మనిషి మత్తుగా ఉంటారు, తిండి ఇంకా తగ్గుతుంది, పన్ను మాత్రం పుచ్చుతూనే ఉంటుంది.

మాట పోయినవారి నొప్పిని కొలవడానికి పెయినాడ్ అనే పట్టిక ఉంది. శ్వాస, మూలుగు, ముఖ కవళిక, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరట పడతారా అన్నది, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 10. ఒక్కసారి వేసిన మార్కు పెద్దగా చెప్పదు. భోజనానికి ముందు 2 ఉండి, నమిలేటప్పుడు 6 అయితే మాత్రం నోటివైపు చూడాల్సిందే.

ఊళ్లల్లో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే. చెంప వాచింది, ఆర్ఎంపీ ఐదు రోజుల యాంటీబయాటిక్ రాశాడు, వాపు తగ్గింది, పది రోజులకు మళ్లీ వచ్చింది. చీముకు మూలం చచ్చిపోయిన పంటి లోపలి గుజ్జు. మందు రక్తంలో తిరుగుతుంది, రక్తమే పారని ఆ గుజ్జులోకి చేరలేదు. పన్ను పీకడమో రూట్ కెనాలో చేస్తే తప్ప ఆ వాపు వస్తూపోతూ ఉంటుంది. పంటి మీద లవంగ నూనె, తంబాకు నలిపి పెట్టడం ఇంకో అలవాటు. నొప్పి చెప్పలేని మనిషి నోట్లో లవంగ నూనె చిగురు కాల్చినా ఎవరికీ తెలియదు.

మచ్చల పళ్లు, బిగిసిన మెడ

దక్షిణ తెలంగాణలో ఈ వైద్యానికి మిగతా చోట్ల అంతగా ఉండని ముడి ఒకటుంది. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ దెబ్బతినే జబ్బు మీద వ్యాసం వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బావులూ బోర్లూ ఆ గీతను దాటి ఎన్నో ఏళ్లు నీళ్లిచ్చాయి. ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నవారు ఆ నీళ్లు తాగుతూనే పెరిగారు. మిషన్ భగీరథ నల్లా వచ్చేనాటికి వాళ్ల పళ్లూ ఎముకలూ ఎప్పుడో తయారైపోయాయి.

దీనివల్ల పంటి వైద్యంలో నాలుగు చిక్కులు వస్తాయి. మొదటిది గుర్తింపు. ఫ్లోరోసిస్ వల్ల గోధుమరంగు తిరిగి గుంటలు పడ్డ పన్ను చూడ్డానికి పుచ్చినట్టే ఉంటుంది, తాకితే గట్టిగా ఉంటుంది. "అన్నీ పాడైపోయినయి, పీకేద్దాం" అనే ముందు ప్రోబ్‌తో తట్టి చూస్తే, ఎక్స్‌రే తీస్తే, సగం పళ్లు మరకలవే అని తేలవచ్చు. రెండోది, పంటికి అతికించే పదార్థాలు. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ ఆమ్లానికి తొందరగా లొంగదు, అందుకే మామూలు సమయం ఎచింగ్ చేసి (ఆమ్లంతో పంటిని గరుకు చేసి) పెట్టిన కాంపోజిట్, అంటే పంటి రంగు ఫిల్లింగ్, ఊడిపోవచ్చు. మూడోది పీకడం. కొందరిలో వేరు చుట్టూ ఉండే సిమెంటం అనే పొర మందమై, దవడ ఎముక గట్టిపడి, పన్ను తేలిగ్గా కదలదు. పది నిమిషాల పని గంట పడితే డిమెన్షియా ఉన్న మనిషి అంతసేపు ఓర్చుకోరు.

నాలుగోది మెడ. ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసల చుట్టూ ఉండే పట్టీలు సున్నం పట్టి బిగుస్తాయి. మెడ వెనక్కి వాలదు, నడుము వంగే ఉంటుంది. డెంటల్ కుర్చీని పడుకోబెట్టినంత వాలిస్తే తల గాల్లో వేలాడుతుంది, లేదా మెడలోని వెన్నుపాము నొక్కుకుంటుంది. "భయంతో లేస్తున్నది" అని అందరూ అనుకునే అవ్వ నిజానికి మెడ నొప్పికి లేస్తూ ఉండవచ్చు. కుర్చీని సగమే వాల్చి, తలకింద మడిచిన తువాలు పెట్టి, డాక్టరు నిలబడి పని చేస్తే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. మత్తు ఇవ్వాల్సి వస్తే ఇదే మెడ గొట్టం వేయడానికి అడ్డమవుతుంది. కాబట్టి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, మెడ ఎక్స్‌రే చూపాలి.

ఫ్లోరైడ్ పేస్టు మానాలా? లెక్క వేసి చూస్తే

అనుమానం ఊరికే పుట్టలేదు. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన మనుషుల్ని చూసిన ఊళ్లివి. పైగా 2024లో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం ఒక నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పైన ఫ్లోరైడ్ ఉన్న నీళ్లకూ, పిల్లల్లో తగ్గిన ఐక్యూకూ సంబంధం ఉందని అది ఓ మోస్తరు నమ్మకంతో చెప్పింది. ఆ నివేదిక పిల్లల మెదడు గురించి, తాగే నీటి గురించి. పెద్దవాళ్లలో డిమెన్షియా వస్తుందని గానీ, పళ్లపేస్టు చేటని గానీ అందులో తేల్చలేదు.

మన చట్టం ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము. రెండు పూటలా తోమి, ఒక్క చుక్క ఉమ్మకుండా మొత్తం మింగేసినా రోజుకు 0.5 మిల్లీగ్రాములు. బియ్యం గింజంత, అంటే 0.1 గ్రాము పెడితే రెండు పూటలకు 0.2. ఇప్పుడు నీళ్లు చూడండి. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకు 3 లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు. అదే లీటరుకు 0.5 ఉన్న నల్లా నీళ్లయితే 1.5. ఇంట్లో బోరు నీళ్లతో వండుతూ, పేస్టు మాత్రం మార్చడం ఈ లెక్కకు నిలవదు.

పైగా పంటి మీద మచ్చలు పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు. డెబ్బై ఏళ్ల పంటికి కొత్తగా మచ్చ రాదు. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైపొర మీద, బయటపడ్డ వేరు మీద పనిచేస్తుంది, ఎండిన నోటికి కావాల్సిందీ అదే. అవతలి వాదనలోనూ నిజం ఉంది. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరి, కిడ్నీలు బలహీనపడ్డవారిలో ఫ్లోరైడ్ ఒంట్లోంచి సరిగా బయటికి పోదు. పేస్టంతా మింగేసే మనిషికి అలాంటప్పుడు బియ్యం గింజంతకు తగ్గించి, తోమాక తడి గుడ్డతో తుడిచెయ్యడం మధ్యేమార్గం. ఇతర దేశాల్లో ముసలివాళ్లకు రాసే 5000 పీపీఎం పేస్టును ఇక్కడ ఇంటి వాడకానికి తెచ్చిపెట్టడం మాత్రం వీళ్ల విషయంలో ఆలోచించాల్సిన సంగతే. నురగ ఎక్కువ వచ్చే పేస్టు ఇంకో రకంగా ఇబ్బంది. మింగడం సరిగా రానివారికి పొలమారుతుంది.

యాప పుల్ల సంగతి చెప్పాలి. అలవాటున్న మనిషి చేతిలో అది బాగానే శుభ్రం చేస్తుంది, పేస్టు ఇచ్చే ఫ్లోరైడ్ లోటు మాత్రం అలాగే ఉంటుంది. నడిమి దశలో అది ఇంకో పనికొస్తుంది. బ్రష్షును గుర్తుపట్టని తాత పుల్లను గుర్తుపడతాడు. కొన అప్పటికే నలిపి మెత్తగా చేసిన పుల్ల చేతికిస్తే నోరు తెరుస్తాడు. చివరి దశలో ఇవ్వకూడదు, చీలిక విరిగి గొంతులో పడవచ్చు.

చిగుళ్ల జబ్బు వల్ల అల్జీమర్స్ వస్తుందా

2019లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చిగుళ్ల జబ్బు తెచ్చే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా వదిలే ఎంజైములు అల్జీమర్స్‌తో చనిపోయినవారి మెదళ్లలో కనిపించాయని దాని సారం. ఆ ఎంజైమును అడ్డుకునే మందును అల్జీమర్స్ రోగుల మీద పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో, పెట్టుకున్న ముఖ్య లక్ష్యాలను ఆ మందు అందుకోలేదు.

సంబంధం లేదని దీన్నుంచి అనలేం. చిగుళ్ల వాపు ఒంటినిండా మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) పెంచుతుందనే వాదన ఇంకా నిలిచే ఉంది. కానీ గుర్రం ముందో బండి ముందో తెలియదు. డిమెన్షియా గుర్తుపట్టడానికి ఏళ్ల ముందే మెదడులో మొదలవుతుంది. తోముకోవడం అప్పటినుంచే తగ్గుతుంది. అప్పుడు చెడిన చిగుళ్లు జబ్బుకు కారణమా, ఫలితమా? రెంటికీ తోడుండే షుగరు, పొగాకు, పేదరికం మాటేమిటి? ఇప్పటికే జబ్బున్న వ్యక్తి చిగుళ్లు బాగుచేస్తే మతి తిరిగి వస్తుందని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే దానికి ఆధారం లేదు.

నోటి శుభ్రతకు ఇంతకన్నా దగ్గరి కారణం ఊపిరితిత్తులు. నోట్లోని బ్యాక్టీరియా ఉమ్మితో పాటు శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా వస్తుంది. డిమెన్షియా చివరి దశలో ప్రాణం తీసేవాటిలో అది ముఖ్యమైనది. జపాన్ వృద్ధాశ్రమాల్లో చేసి 1999లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ నోరు శుభ్రం చేయించిన వారికి న్యుమోనియా తక్కువగా వచ్చింది. తర్వాత అమెరికాలో బ్రష్షుతో తోమడం, క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్లు, కూర్చోబెట్టి తినిపించడం కలిపి చేసిన ప్రయోగంలో ఆ లాభం కనిపించలేదు. కాబట్టి ఆ లాభం ఎంతన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

నోరు తెరవనప్పుడు ఏం జరుగుతోంది

ఎదురుగా నిలబడి, పైనుంచి వంగి, గట్టిగా "నోరు తెరువు" అంటే ఆ మెదడుకు అది దాడిలాగే తోస్తుంది. తిరగబడటం దానికి జవాబు. అందుకే పద్ధతులన్నీ ఆ బెదురు తగ్గించడం చుట్టూ అల్లినవే. మనిషి కంటికి సమానంగా పక్కన కూర్చుంటారు. "నాయినా, పండ్లు తోముకుందామా" అని ఒకే చిన్న మాట అంటారు. వాళ్ల చేతికో బ్రష్షు ఇచ్చి, తమ చేతిలో ఇంకోటి పట్టుకుని ముందు తామే తోముకుని చూపుతారు. చాలాసార్లు మిగతా వరుస చెయ్యే గుర్తు చేసుకుంటుంది. మొదలుపెట్టి ఆగిపోతే వాళ్ల చేతి మీద చెయ్యి వేసి కదిలిస్తారు. ఒకరి దగ్గర మొండికేస్తే అయిదు నిమిషాలాగి ఇంకొకరు వస్తారు. కొడుకు దగ్గర నోరు బిగించే తల్లి మనవరాలి దగ్గర తెరవడం మామూలే.

బ్రష్షు చిన్న తలది, మెత్తటి పోగులది. చిగురుకూ పన్నుకూ మధ్య 45 డిగ్రీల వాలుతో పెట్టి చిన్నగా కదిలిస్తారు. కొరికి పట్టుకునే వారికి రెండు బ్రష్షుల కిటుకు పనికొస్తుంది: ఒకదాని పిడిని ఒకవైపు దవడ పళ్ల మధ్య కొరకనిచ్చి, రెండోదానితో అవతలివైపు తోముతారు. పళ్ల మధ్య వేలు ఎప్పుడూ పెట్టరు, ఆ కాటుకు ఎముక కూడా దెబ్బతింటుంది. ఒక పూట నోరంతా కాకపోతే పైవరుస పొద్దున, కిందివరుస రాత్రి చేసినా పాచి అదుపులోనే ఉంటుంది. సాయంత్రం అయ్యేకొద్దీ చిరాకు పెరిగే వాళ్లకు రాత్రి పూట వదిలేసి మధ్యాహ్నం మారిస్తే సరిపోతుంది.

పట్టుకుని బలవంతంగా చేయవచ్చా అన్నది వాదన. నొప్పితో తిండి మానేసిన మనిషికి ఒక్కసారి చేతులు మృదువుగా పట్టుకోవడం తక్కువ హాని అంటారు కొందరు. రోజూ తోమడానికి అలా చేస్తే మరుసటి రోజు నోరు ఇంకా బిగుస్తుంది, నమ్మకం పోతుంది అంటారు ఇంకొందరు. చీము వాపునూ రోజువారీ పాచినీ ఒకే గాటన కట్టకపోతే ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డు రావు.

14 పళ్ల లెక్క: ఇప్పుడు, మూడేళ్లకు

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మర్రిగూడ మండలంలో 72 ఏళ్ల అవ్వ, అల్జీమర్స్ మొదటి దశ, మెడ కొంత బిగుసుకుంది. నోట్లో 14 పళ్లు. రెండు ఊగుతున్నాయి, మొదళ్ల దగ్గర చీము. ఒకటి వేరు ముక్కగా మిగిలింది. మూడింటికి చిగురు అంచున వేరు పుప్పి, నొప్పి లేదు. మిగతా ఎనిమిదీ గోధుమరంగు మచ్చలతో గట్టిగా ఉన్నాయి.

ఇప్పుడైతే ఊగేవి రెండూ, వేరు ముక్కా చిగురుకు సూది ఇచ్చి ఒకటి రెండు సార్లలో తీసేస్తారు. మూడు పుప్పిలకు డ్రిల్లు లేకుండా మెత్తటి భాగం గీకి గ్లాస్ అయానమర్ అనే పంటి సిమెంటు నింపుతారు, లేదా సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ రాస్తారు. ఆ మందు రాయడం కొద్ది నిమిషాల పని. పెదవులకు వ్యాజిలైన్ పూసి, పన్నును దూదితో ఆరబెట్టి, చిన్న కుంచెతో చుక్క అద్ది ఒక నిమిషం ఉంచుతారు. ఆరు నెలలకోసారి మళ్లీ. 38 శాతం ద్రావణం ఒక్క చుక్కలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము పైచిలుకు, ఒక చుక్క కొన్ని పళ్లకు సరిపోతుంది. పుప్పి అక్కడే ఆగి గట్టిపడుతుంది, నల్లగా మారుతుంది. ఆ నలుపు పోదు, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది. వెండి పడని వారికి రాయకూడదు. నొప్పి మొదలై గుజ్జు దాకా పోయిన పంటిని అది కాపాడలేదు.

మూడేళ్లు ఆగితే? ఆ మూడు పళ్లూ చిగురు దగ్గర విరిగి వేరు ముక్కలవుతాయి, తీయాల్సినవి ఆరవుతాయి. అప్పటికి అవ్వ నోరు తెరవదు. మిడాజొలాం లాంటి నిద్ర మందు కొందరిని శాంతపరచడానికి బదులు ఇంకా రెచ్చగొడుతుంది. పూర్తి మత్తు ఇస్తే లేచాక రోజుల తరబడి అయోమయం ఉండవచ్చు. మెడ చిక్కు దానికి అదనం. అయినా చీముతో తిండి మానేసినప్పుడు ఆ దారిలో పోక తప్పని సందర్భాలుంటాయి.

ముందే అన్నీ పీకేస్తే తర్వాత గొడవ ఉండదు కదా అనే వాదన ఇక్కడే వస్తుంది, డాక్టర్లలోనూ ఉంది. తర్వాతి నొప్పి తప్పుతుంది, నిజమే. కానీ ఈ లెక్కలో గట్టి పళ్లు ఎనిమిది. అవి ఎదురెదురుగా జతలుగా ఉంటే మెత్తటి అన్నం, పప్పు నమలడానికి చాలు. ఇంప్లాంట్ల (దవడ ఎముకలో స్క్రూ దిగించి కట్టే పళ్ల) మాట ఎత్తేవారూ ఉంటారు. వాటి చుట్టూ రోజూ శుభ్రం చేసే చెయ్యి పదేళ్ల తర్వాత కూడా ఉంటుందా అనేదే అక్కడి ప్రశ్న.

కట్టుడు పళ్లు

కొత్త సెట్టును నాలుక, బుగ్గలు నేర్చుకోవాలి. నడిమి దశ తర్వాత ఆ నేర్పు రాదు. సెట్టు కావాలంటే మొదటి దశలోనే కట్టించాలి. పాతది వదులైతే కొత్త ఆకారం కన్నా పాతదాని నకలు చేయించడం మేలు, నోటికి అది అలవాటైన ఆకారం. రాత్రి తీసి నీళ్లలో వేయాలి. 85 దాటినవారి మీద జపాన్‌లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టుతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. కడగడానికి సబ్బు, బ్రష్షు చాలు, వేడినీళ్లలో వేస్తే వంగిపోతుంది. ల్యాబులో చేసేటప్పుడే లోపల పేరు చీటీ పెట్టమంటే ఆసుపత్రిలో వేరేవారి సెట్టుతో మారిపోదు. తీగలతో పట్టే చిన్న సెట్టు, ఒకటి రెండు పళ్లది, మింగేసే ప్రమాదం ఎక్కువ. చివరి దశలో దాన్ని మానడమే వాడుక.

పీకే ముందు మందుల చీటీ

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ పన్ను పీకడానికని సొంతంగా ఆపేస్తే గుండెపోటో పక్షవాతమో రావచ్చు. ఒకటి రెండు పళ్లకు సాధారణంగా వాటిని కొనసాగిస్తూనే కుట్టు వేసి, గాజ్ గుడ్డ నొక్కి రక్తం ఆపుతారు. వార్ఫరిన్ వాడితే ముందురోజు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూస్తారు. దానితో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కలిస్తే రక్తం ప్రమాదకరంగా పలచబడుతుంది. బోలు ఎముకలకు జోలెడ్రోనిక్ ఆసిడ్ సూది, అలెండ్రోనేట్ మాత్ర తీసుకున్నవారిలో పీకిన చోట ఎముక మానకుండా చచ్చిపోయే ముప్పుంది. ఎప్పుడో వేసిన సూదైనా చెప్పాలి. పీకాక గాజ్ గుడ్డ కొరికి పట్టుకోమంటే ఆ మాట గుర్తుండదు, దాన్ని మింగేయవచ్చు. అందుకే కుట్టు. మొద్దుబారిన పెదవిని రెండు మూడు గంటలు కొరుక్కుంటూ పుండు చేసుకోవడం ఇంకొకటి, ఆ సేపు ఎవరో పక్కన ఉండాలి.

ఒప్పుకోవాల్సింది ఎవరు, పోవాల్సింది ఎక్కడికి

డిమెన్షియా అని రాసినంత మాత్రాన మనిషి మాటకు విలువ పోదు. మొదటి దశలో సమ్మతి వాళ్లదే. తర్వాత ఇంట్లోవాళ్లతో మాట్లాడి, వాళ్లు మునుపు ఏం కోరేవారో చూసి నిర్ణయిస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, నిర్ణయం తీసుకోవడానికి తోడుండే పరిమిత సంరక్షకుడి ఏర్పాటు ఉంది. ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. మూడు పళ్లకు సంతకం పెడితే కుర్చీలో ఉండగా "ఎట్లాగూ తెరిచింది" అని ఆరు తీయడం ఆ గీత దాటడమే.

నార్కట్‌పల్లి దగ్గరి కామినేని, మహబూబ్‌నగర్‌లోని ఎస్వీఎస్ దంత కళాశాలల్లో అన్ని విభాగాలూ ఒకే చోట ఉంటాయి. దంత కళాశాలల్లో ఉండే పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ విభాగం ఊళ్లలో క్యాంపులు పెడుతుంది, మంచం పట్టినవారి సంగతి ముందు అడగాల్సింది అక్కడ. పొద్దున మొదటి వేళ తీసుకుంటే రద్దీ, ఎదురుచూపు తగ్గుతాయి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టుకునే పోవాలి. చాలామంది పోతాయని ఇంట్లోనే వదిలిపోతారు, అక్కడ ఎవరేమంటున్నారో తెలియక మనిషి బెదిరిపోతారు. వృద్ధుల సాయానికి 14567, మానసిక సమస్యలకు టెలీమానస్ 14416 ఉన్నాయి.

మింగలేని దశలో

ఇక్కడ పళ్ల కన్నా నోటి తడే పెద్ద పని. నోటితో గాలి పీల్చే మనిషి అంగిలి మీద జిగురు ఎండి పొరలా పేరుకుంటుంది. దాన్ని పొడిగా పీకితే చర్మం లేస్తుంది. తడి గాజ్ గుడ్డతో కొన్ని నిమిషాలు నానబెట్టి, వెనకనుంచి ముందుకు తుడుస్తారు. అప్పుడు మనిషిని పక్కకు తిప్పి, లేదా తల ఎత్తి గడ్డం కొంచెం కిందికి ఉంచుతారు, నీళ్లు గొంతులోకి జారకుండా. కర్రకు స్పాంజి ఉన్న పుల్లలు కొరికితే ఆ ముక్క ఊడి గొంతులో పడుతుంది, కొరికేవారికి గాజ్ గుడ్డే నయం. పెదవులకు వ్యాజిలైన్ పలచగా రాస్తారు. తేనె రాయడం మన దగ్గర అలవాటు, పళ్లు మిగిలిన నోట్లో అది చక్కెరే. నిమ్మరసం గ్లిజరిన్ కలిపిన దూది కొన్నిచోట్ల ఇప్పటికీ వాడుతున్నారు. నిమ్మ ఎనామిల్‌ను కరిగిస్తుంది, గ్లిజరిన్ కాసేపయ్యాక నోటిని ఇంకా ఎండగడుతుంది.